మా పేర్లలోని దొర

ఒక ఆశ్రమ పాఠశాలకు కొత్తగా వచ్చిన మాస్టారు మొదటిరోజు హాజరు పిలుస్తున్నారు. మైదానం నుంచి వచ్చిన మనిషి, మంచి మనసున్నవారే. ఒక పిల్లవాడి పేరు చివర 'దొర' అని ఉంది. అది చదివి ఆయన ఒక్క క్షణం ఆగి, "ఏరా, నువ్వు దొరవా?" అని నవ్వారు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లవాడూ నవ్వాడు. మర్నాటి నుంచి వాడికి హాస్టల్లో రెండు పేర్లు వచ్చాయి. పెద్దపిల్లలు "దొరగారూ" అని వంగి దండం పెట్టేవారు. చిన్నపిల్లలు "డోరేమాన్" అనేవారు. నెల తిరిగేసరికి వాడు నోటుబుక్కు అట్ట మీద పేరు రాసుకునేటప్పుడు చివరి రెండక్షరాలు మానేశాడు.

ఈ సంగతి మాకు చెప్పింది ఆ మాస్టారే. చెప్పి, "నేను తప్పేమన్నాను? దొర అంటే గొప్పవాడనే కదా అర్థం?" అని అడిగారు. మాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. నిఘంటువు ప్రకారం ఆయన అన్నది తప్పు కాదు. దొర అంటే ప్రభువు, యజమాని, ఏలేవాడు. కానీ మన ఏజెన్సీ పిల్లవాడి పేరు చివర ఉన్న దొర ఆ నిఘంటువులోని దొర అవునో కాదో మేమూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

ముందు డోరేమాన్ సంగతి తేల్చేద్దాం, పిల్లలకు అదే కదా కావలసింది. జపాను భాషలో 'దొరనెకొ' అంటే ఊరిమీద తిరిగే దిక్కులేని పిల్లి. ఆ బొమ్మలోని పిల్లికి ఆ పేరు అందులోంచే వచ్చింది. అదే జపానులో 'దొర' అంటే కంచుగంట, పళ్ళెంలాంటిది. ఆ పిల్లి ఇష్టంగా తినే రొట్టె ఆ గంట ఆకారంలో ఉంటుందని దాన్ని దొరయాకి అన్నారు. ఇక టీవీలో కోతిని వెంటేసుకుని తిరిగే డోరా ఉంది. ఆ పేరుకు మూలం గ్రీకు. ఆ భాషలో 'దోరోన్' అంటే కానుక. థియోడోరా అంటే దేవుడిచ్చిన కానుక అని అర్థం. దాన్ని కుదించి డోరా అని పిలుచుకుంటారు. హిందీలో డోరా అంటే దారం. సంస్కృతంలో దోరకం అన్నా దారమే. ఇలా పిల్లి, గంట, కానుక, దారం అన్నీ ఒకే శబ్దంలో ఇమిడిపోయాయి. వీటిలో ఏ ఒక్కదానికీ మన దొరతో చుట్టరికం లేదు. రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన అవి అన్నదమ్ములైపోవు. ఈ చిన్న సంగతిని మనసులో పెట్టుకుంటే ముందుకు వెళ్ళడం తేలిక.

తెలుగులోకే వద్దాం. దొరకు అంటే లభించు. అదే మాట 'దొర'కు 'కు' విభక్తి చేర్చినా వస్తుంది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న సామెతను ఎవరో గడుసువాళ్ళు కట్టారు గాని, ఆ రెండు మాటల్నీ పక్కపక్కన నిలబెట్టి వాళ్ళు చెప్పిన సత్యం మనకు కొండ కింది సంతలో ప్రతివారం కనిపిస్తూనే ఉంటుంది. దోర అని దీర్ఘం ఇస్తే సగం పండిన కాయ. దొరలు అంటే దొరకు బహువచనం, దొర్లు అన్న క్రియకు పాతరూపం కూడా. పుస్తకాల చివర అచ్చుతప్పులు దొరలినవి అని రాసేవాళ్ళు. ఆ వాక్యం చదివినప్పుడల్లా మాలో కొందరికి నవ్వొస్తుంది, తప్పులు చేసింది దొరలే అన్నట్టు ఉంటుందని.

పక్క భాషల్లో ఈ మాట నిజంగానే చుట్టమై ఉంది. కన్నడంలో దొరె అంటే రాజు. తమిళంలో తురై అంటే అధిపతి, పెద్దమనిషి. తెల్లవాళ్ళు వచ్చాక అక్కడా ఇక్కడా ఆ మాట వాళ్ళకు అంటుకుంది. మనకు తెల్లదొర, వాళ్ళకు వెళ్ళక్కార తురై. తేయాకు తోటల్లో పెద్ద మేనేజరును పెరియ తురై అనీ, అతని కింది వాడిని చిన్న తురై అనీ కూలీలు పిలిచేవాళ్ళు. ఆకు తెంపేవాళ్ళ నోట ఆ మాట భయంతో వచ్చేది. అదే తమిళంలో అన్నాదురై అంటే ఒక ముఖ్యమంత్రి పేరు, జనం ప్రేమగా పిలుచుకున్న పేరు. ఒక మాట ఒకచోట కొరడా అయితే ఇంకోచోట ముద్దుపేరు కావచ్చు. మన తల్లులు కూడా అన్నం తినని పిల్లవాడిని "మా దొర కదూ, ఈ ముద్ద తిను" అనే బుజ్జగిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. మన పేర్లలోకి దొర ఎలా వచ్చింది? దీనికి ఒక్క దారి లేదు. కనీసం మూడు దారులున్నాయి, వాటిని కలిపేయడం వల్లే గందరగోళమంతా.

మొదటిది కోయదొర. కోయవాళ్ళు తమను తాము దొర అనుకోలేదు. వాళ్ళ భాషలో వాళ్ళు కోయ్‌తోర్. గోండులు కూడా తమను కోయ్‌తూర్ అనే చెప్పుకుంటారు. షెడ్యూల్డు తెగల జాబితాలో గోండు పక్కన ఆ పేరు ఈనాటికీ ఉంది. ఆ మాటలో చివరనున్న 'తోర్' మనిషిని చెప్పే ముక్క. కోయ్‌తోర్ అంటే కోయ మనిషి, అంతే. మైదానపు తెలుగు చెవికి ఆ 'తోర్' తనకు తెలిసిన 'దొర'లా వినబడింది. కోయ్‌తోర్ కాస్తా కోయదొర అయింది. ఇది మేము కల్పించిన ఊహ కాదు. వంద ఏళ్ళకు పైగా కిందట గోదావరి ప్రాంతపు కోయల గురించి రాసిన తెల్లవాళ్ళ రాతల్లోనే ఈ వివరణ ఉంది. నమ్మాలా వద్దా అని మేము చాలాసేపు వాదించుకున్నాం. మాలో ఒకరు, ముఠాదారుల కాలంలో కొందరు కోయ పెద్దలకు నిజంగానే దొర అన్న బిరుదు ఉంది కదా అన్నారు. ఉంది. అందువల్ల ఆ మాట పూర్తిగా చెవి చేసిన పొరపాటే అని చెప్పలేం. కానీ తెగ మొత్తానికి దొర అన్న తోక తగిలించడంలో ఆ చెవి పొరపాటుకు పెద్ద వాటా ఉందని మాకు అనిపిస్తుంది. ఏ తెగలోనూ ప్రతి మనిషీ ఏలేవాడు కాడు గదా!

దీని పర్యవసానం చిన్నది కాదు. సుక్మా వైపు, కొంట చుట్టుపక్కల దొర్ల అని ఒక తెగ ఉంది. వాళ్ళు మాట్లాడేది కోయ భాషకు చెందిన మాండలికమే. దొర్ల అన్న పేరు తెలుగు దొరలు నుంచే వచ్చిందని చెబుతారు. శబరి దాటేసరికి తెలుగు బహువచనం ఒక తెగ పేరై కూర్చుంది. మనిషి అన్న మాట దొర అయింది, దొర అన్న మాట దొర్ల అయింది, అది సర్కారు జాబితాలో ఎక్కింది. వాళ్ళ పిల్లల్ని మీరెవరని అడిగితే వాళ్ళు చెప్పేది ఒకప్పటి తెలుగువాడు వాళ్ళకిచ్చిన పిలుపు.

మైదానంలో కోయదొరకు ఇంకో బతుకు ఉంది. నెమలీకలు, పూసలదండలు, చేతిలో వేర్లు, మూలికలు, జాతకం చెప్పే నోరు. సినిమాల్లో, నాటకాల్లో, జాతరల్లో ఆ వేషం కడతారు. ఆ వేషగాళ్ళు మాట్లాడే యాస ఏ కోయ గూడెంలోనూ వినబడదు. అలా తిరిగేవాళ్ళు మన గూడేల నుంచి వెళ్ళినవాళ్ళు కారు. వాళ్ళూ పొట్టకూటి కోసం తిరుగుతున్నవాళ్ళే, వాళ్ళను మేమేమీ అనడం లేదు. మా ఫిర్యాదు రాసేవాళ్ళ మీద. కోయ అనగానే మూలిక అమ్మేవాడు గుర్తొచ్చే పాఠకుడిని తయారుచేసింది వాళ్ళు. ఆ పాఠకుడు రేపు టీచరై మన బడికి వస్తాడు.

రెండో దారి కొండదొర. ఇక్కడ కథ వేరు. విశాఖ, విజయనగరం కొండల్లోని కొండదొరలకు ఒక సొంత భాష ఉంది. దాని పేరు కూబి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు దాని మీద ఏళ్ళ తరబడి పనిచేసి, 1969లో ఒక పెద్ద వ్యాకరణం వెలువరించారు. అది ద్రావిడ భాషల్లో ఒకటనీ, తెలుగు యాస కాదనీ లోకానికి స్పష్టంగా తెలిసింది. 2002లో తెగల జాబితాను సవరించినప్పుడు కొండదొరల పక్కన కూబి అన్న పేరు కూడా చేరింది. కానీ ఇవాళ కొండదొరల్లో ఎక్కువమంది తెలుగే మాట్లాడుతున్నారు. కూబి తెలిసినవాళ్ళు అరకు వైపు లోపలి గ్రామాల్లో ఉన్నారు. భాష పోయినచోట మిగిలింది తెలుగువాళ్ళు పెట్టిన పేరే. కొండ తెలుగు మాట, దొర తెలుగు మాట. ఒక జనం తన పేరును పూర్తిగా పొరుగువాడి భాషలో మోస్తోంది. మేము దీన్ని అవమానం అనడం లేదు. పేరు పెట్టినవాళ్ళు బహుశా గౌరవంగానే పెట్టి ఉంటారు, కొండకు అధిపతులని. అధిపతుల చేతిలో కొండ మిగల్లేదన్నది వేరే సంగతి.

మూడోది ముఠాదారుల దారి, ఇది అన్నిటికన్నా ముళ్ళదారి. గూడెం, రంప ప్రాంతాల్లో కొన్ని ఊళ్ళు కలిపితే ఒక ముఠా. పట్టణంలో ముఠా అంటే దొంగల గుంపు అనుకుంటారు, మన దగ్గర అది పాలన. (ఇలాగే మనకు ఫితూరీ అంటే తిరుగుబాటు. కింద పితూరీ అంటే ఒకరి మీద ఇంకొకరు చెప్పే చాడీ. మన తాతల యుద్ధాన్ని కూడా ఆ మాట చాడీ చేసేసింది.) ముఠాకు పెద్ద ముఠాదారు. శిస్తు వసూలు చేసి పైవాళ్ళకు కట్టడం అతని పని. అతని పేరు చివర దొర ఉండేది, లేదా పడాలు ఉండేది. ఇది తెగ పేరు కాదు, హోదా. బగతల్లో ఉంది, కోయల్లో ఉంది, కొండదొరల్లో ఉంది.

ఆ హోదా ఉన్నవాళ్ళే తిరగబడ్డారు. చిగురుపన్ను పేరిట కల్లు మీద కూడా పన్ను వేసి, మన్సబుదారు దోపిడీ మితిమీరినప్పుడు 1879లో రంప లేచింది. అందులో కారం తమ్మన్నదొర పేరు ముందు వినిపిస్తుంది. 1922లో మళ్ళీ లేచినప్పుడు గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన అధికారి బాస్టియన్ కూలీలకు సరిగా కూలి ఇవ్వకుండా బలవంతపు చాకిరీ చేయించాడు. ఆ మంట మీదే ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడులు జరిగాయి. 1924 మేలో అల్లూరి సీతారామరాజును చంపారు. ఆ తర్వాత నెలలో గంటందొరను కాల్చి చంపారు. పట్టుబడిన మల్లుదొరకు ఉరిశిక్ష పడి, తర్వాత అది ద్వీపాంతరమైంది. అండమాను వెళ్ళి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఈ సంగతులన్నీ మన టీచర్లకు తెలిసినవే. మేము చూపించదలచుకున్నది ఒక్క మాట. చాలా పుస్తకాల్లో ఈ అన్నదమ్ముల పేర్ల ముందు 'అనుచరులు' అని ఉంటుంది. సీతారామరాజు, ఆయన అనుచరులు గంటందొర, మల్లుదొర. అనుచరుడు అంటే వెనక నడిచేవాడు, దొర అంటే ముందు నడిచేవాడు. ఒకే వాక్యంలో ఆ రెండు మాటలూ పక్కపక్కన కూర్చుంటే ఏ రచయితకూ చేతిలో కలం ఆగలేదు. ఎందుకంటే ఆ పేర్లలోని దొర వాళ్ళకు అర్థమున్న మాటగా వినబడలేదు, వట్టి తోకగా వినబడింది. అల్లూరి గొప్పతనం తగ్గించాలని మా ఉద్దేశం కాదు. ఆ కొండదారులు, ఆ ఊళ్ళ మద్దతు, ఆ కోపం ఎవరివో వాళ్ళను అనుచరులంటే వాక్యం నిజం చెప్పినట్టు కాదు. సహచరులు అని రాస్తే ఒక్క అక్షరం ఎక్కువ కాదు, తక్కువ కాదు.

అయితే మావైపు కూడా ఒక నిజం చెప్పుకోవాలి. ముఠాదారు దొరలందరూ తిరుగుబాటుదారులు కారు. వెట్టి చేయించుకున్నవాళ్ళున్నారు. సర్కారుకు సాయంగా నిలిచి బహుమతులందుకున్నవాళ్ళున్నారు. ముఠాలను రద్దుచేస్తూ 1969లో రెగ్యులేషన్ వచ్చేదాకా ఆ హోదా చట్టంలో ఉంది. ఇవాళ మన సభల్లో కొందరు పెద్దలు "మేము దొరలం, ఏలినవాళ్ళం" అని మీసం తిప్పుతుంటే, కింద కూర్చున్నవాళ్ళ తాతల్ని ఏలింది కూడా ఆ మీసమేనని గుర్తుచేయాలనిపిస్తుంది. ఒక సమావేశంలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "మా నాన్న పేరులో దొర ఉంది, మా అన్న పేరులో ఉంది, నా పేరులో లేదు. మా అమ్మను దొరసాని అని ఎవరూ పిలవగా నేను వినలేదు. ఇది మగవాళ్ళ ఆస్తా?" అని. ఆ ప్రశ్నకు సభలో ఎవరూ జవాబు చెప్పలేదు. భోజనాలకు లేచారు.

ఇక తెలంగాణ వైపు. అక్కడ దొర అంటే గడీ. దేశ్‌ముఖు, జాగీర్దారు, వెట్టి, బాంచెన్ కాల్మొక్త. వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి, దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్ళు చదివినవాళ్ళకు ఆ మాట మళ్ళీ మామూలుగా వినబడదు. మేమూ చదివాం, కదిలిపోయాం. తెలుగు సాహిత్యంలో దొర అన్న మాటకు ఇంత బలమైన అర్థం ఇచ్చింది ఆ రచనలే, ఆ పోరాటమే. కానీ అదే తెలంగాణలో, ఖమ్మం, వరంగల్ అడవుల్లో కోయవాళ్ళను చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దొరోళ్ళు అంటారు. గడీలో కూర్చున్నవాడూ దొరే, అడవిలో పోడు కొట్టుకునేవాడూ దొరే. 1948 తర్వాత సాయుధ పోరాట దళాలు గోదావరి అడవుల్లోకి వచ్చినప్పుడు గూడేల్లో అన్నం పెట్టి దాచింది ఈ దొరోళ్ళే. అందుకు మిలిటరీ వాళ్ళ గూడేల్ని ఖాళీ చేయించి ఒకచోటికి తోలింది. దొరల మీద పోరాటంలో దొరోళ్ళు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. ఈ వైచిత్రిని పట్టుకున్న నవల మాకు ఇంతవరకు కనబడలేదు. రాయగలిగినవాళ్ళు ఈ పుస్తకం చదివేవాళ్ళలోనే ఉన్నారని మా ఆశ.

ఇక్కడే మన యువ రచయితలతో ఒక పేచీ ఉంది. ఈ బుక్‌లెట్‌కు వచ్చే కవితలు మేము చదువుతాం. పదింటిలో మూడింటిలోనైనా దొర శత్రువుగా వస్తాడు. దొరా, నీ గడీ కూలుతుంది అన్న ధోరణి. పాడేరు నుంచి, రంపచోడవరం నుంచి, చింతూరు నుంచి వచ్చిన కవితల్లో కూడా గడీలే. ఆ ఊళ్ళలో గడీ ఎక్కడుంది? మన భూమి చేజారింది గడీకి కాదు. వడ్డీకి బియ్యం ఇచ్చిన షావుకారుకు, బినామీ పేరు మీద 1/70 చట్టం కళ్ళుగప్పినవాడికి, గీత గీసిన ఫారెస్టు శాఖకు, నీళ్ళు ఆపిన ప్రాజెక్టుకు. వాళ్ళ పేర్లు రాయడానికి మన కవులకు భయం లేదు, అలవాటు లేదు. వేరే ప్రాంతంలో వేరే జనం రక్తంతో సంపాదించుకున్న మాటను తెచ్చుకుంటే కవిత ఊపుగానే ఉంటుంది. చదువుతున్నప్పుడు మనకూ పూనకం వస్తుంది. కానీ ఆ కవి తాత పేరు చివర దొర ఉంటే? అలాంటి కవిత ఒకటి నిజంగా వచ్చింది. కవి ఇంటిపేరూ, చివరి దొరా అన్నీ కింద సంతకంలో ఉన్నాయి. పైన ఇరవై పాదాల్లో దొరను తిట్టాడు. మేము తిప్పి పంపలేదు, ఒక ఉత్తరం రాశాం. అతను నొచ్చుకోలేదు. దొర తీసేసి షావుకారు అని రాసి పంపాడు, అది సరిగ్గా అతకలేదు. మూడోసారి పంపినప్పుడు సంతలో చింతపండు తూకం వేసే తక్కెడ గురించి రాశాడు. అది అచ్చువేశాం.

మైదానపు కథకులతో ఇంకో పేచీ. వాళ్ళ కథల్లో గిరిజనుడు నోరు తెరిస్తే "దొరా!" అంటాడు. ఫారెస్టు గార్డును దొరా అంటాడు, డాక్టరును దొరా అంటాడు, కథ రాయడానికి వచ్చిన రచయితను కూడా దొరా అంటాడు. అలా అనేవాళ్ళు లేరని మేము అనం. కానీ మన పెద్దలు ఒకర్నొకరు మామా, బావా, అన్నా, పెద్దా అని పిలుచుకోవడం, అధికారి పక్కకు తిరగగానే అతనికి పెట్టిన మారుపేరుతో నవ్వుకోవడం ఆ కథల్లోకి రాలేదు. రచయిత నిలబడిన చోటికి వినబడేది ఒక్క మాటే కాబట్టి ఒక్క మాటే రాశాడు. రెండడుగులు లోపలికి వేసి, పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే వేరే మాటలు వినబడేవి.

చివరగా ఒక అక్షరం గురించి. ఇది వ్యాకరణం సంగతిలా కనిపిస్తుంది గాని కడుపు కూటి సంగతి. తెగల జాబితా ఇంగ్లీషులో ఉంటుంది. అందులో కొండదొర, మన్నెదొర, ముఖదొర, నూకదొర, రెడ్డిదొర అన్న చోట్ల దొరకు డి తర్వాత హెచ్ కూడా వేశారు. తెల్లవాళ్ళ కాలంనాటి రాత అలా నిలిచిపోయింది. దాన్ని మళ్ళీ తెలుగులోకి దించేవాళ్ళు కొందరు ధోర అని రాస్తారు, కొందరు దొర అంటారు, ఒకచోట మేము డోరా కూడా చూశాం. వత్తు ధ మన నోళ్ళలో ఎప్పుడూ లేదు. మాకు తెలిసిన ఒక యువకుడి బడి సర్టిఫికెట్టులో ఒక రాత, కుల ధ్రువీకరణలో ఇంకో రాత ఉన్నాయి. ఉద్యోగానికి కాగితాలు చూపించిన చోట, ఈ రెండూ ఒకటేనని రాయించుకురమ్మన్నారు. కొండ దిగి మూడుసార్లు తిరిగాడు. మూడుసార్లూ కూలి పోయింది, బస్సు ఛార్జీ పోయింది. ఒకచోట కూర్చున్న గుమాస్తా, "అసలు నీ పేరులో దొర ఎందుకయ్యా, తీయించేసుకో, గొడవ వదిలిపోతుంది" అని సలహా ఇచ్చాడట. పేరులోంచి దొర తీస్తే తెగ పేరుతో పొంతన కుదరదని ఇంకో బల్ల దగ్గర కూర్చున్నాయన ఆపాడట. ఇద్దరూ అతని మేలు కోరే చెప్పారు. టీచర్లకు మా విన్నపం ఒక్కటే. ఒకటో తరగతిలో పేరు ఎక్కించేటప్పుడు తెగ పేరును జాబితాలో ఉన్నదాంతో ఒకసారి సరిచూసి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకే తీరుగా రాయండి. మీకు అది రెండు నిమిషాల పని.

ఆ ఆశ్రమ పాఠశాల మాస్టారికి ఇవన్నీ మేము విడతలు విడతలుగా చెప్పాం. ఆయన వినడంతో ఊరుకోలేదు. వేసవి సెలవులకు ఇళ్ళకు వెళ్ళే పిల్లలకు ఒక పని పెట్టారు. మీ ఇంటి పెద్దల పేర్లు మూడు తరాలవి రాసుకురండి, పేరు చివర ఏముందో, అది ఎలా వచ్చిందో అడిగి రండి అన్నారు. జూన్‌లో వచ్చిన కాగితాలు మాకు చూపించారు. ఒక అమ్మాయి, మా తాత ముఠాదారు ఇంట్లో పశువులు కాశాడు అని రాసింది. ఒకడు, మా ముత్తాత దొర కాదు, రోడ్డుకు రాళ్ళు మోశాడని మా అవ్వ చెప్పింది అని రాశాడు. ఇంకొకడు వాళ్ళ అవ్వ చెప్పిన కూబి మాటలు పద్నాలుగు రాసుకొచ్చాడు, ప్రశ్నతో సంబంధం లేకపోయినా. నోటుబుక్కు మీద చివరి రెండక్షరాలు మానేసిన పిల్లవాడి కాగితంలో నాలుగే వాక్యాలున్నాయి. మా నాన్న పేరులో దొర ఉంది. మా తాత పేరులో ఉంది. మా ముత్తాత పేరులో లేదట. మధ్యలో ఎవరు రాశారో మా తాతకు కూడా తెలియదు, సంతకు వచ్చే ముసలాయన ఒకడికి తెలిసి ఉండొచ్చట, ఆయన్ను అడగాలి.